మెత్తబడే నేల

మందు డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది. డబ్బా విప్పగానే అందరూ దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. ఆ కాగితాన్ని అచ్చుకు వెళ్ళేముందు అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో ఆమెను భూతద్దం అనేవారు. పేరు నచ్చకపోయినా పిలిస్తే పలికేది.

పొద్దున్నే మొగుడు బస్సు డ్యూటీకి వెళ్ళాక, గిన్నెలు కడిగి, గది తుడిచి, కిటికీ పక్కన లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేది. ఇంట్లో ఎప్పుడూ వట్టికాళ్ళే. ఎందుకంటే ఆమెకు ఫిట్స్ వస్తాయి. వచ్చే ముందు ఆ ఇంట్లో నేల మెత్తబడుతుంది. మొదట మడమల కింద కాస్త లొంగుతుంది, తర్వాత తడిపిన పిండిలా అవుతుంది. కాళ్ళకు ఆ సంగతి తెలియగానే ఆమె పని ఆపి, కళ్ళజోడు తీసి, నేల మీద పక్కకు తిరిగి పడుకునేది. మిగతాది నేల చూసుకునేది. తల ఎంత కొట్టుకున్నా దెబ్బ తగిలేది కాదు. లేచేసరికి నేల మళ్ళీ గట్టిపడి ఉండేది.

కింది ఫ్లాట్ పెద్దాయన మాత్రం అప్పుడప్పుడు మెట్ల దగ్గర ఆమె మొగుణ్ణి ఆపేవాడు.

"నిన్న మా పైకప్పు కాస్త కిందికి దిగిందయ్యా. అమ్మాయి ఎలా ఉంది?"

"పర్లేదండీ, లేచింది."

"ఫ్యానుకు తగలనంతవరకు నాకేం ఇబ్బంది లేదు."

అంతకుమించి ఆ నేల గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఒకసారి మొగుడు బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడ్డాడు. నేల ఉలకలేదు, పలకలేదు. పాపం, వారం రోజులు నడుం పట్టుకుని బస్సు నడిపాడు. ఆ నేలకు ఫిట్స్ తప్ప ఇంకేదీ పట్టదు.

ఇలా ఉండగా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకే వచ్చి పని చేయాలి. అనారోగ్యం ఉన్నవాళ్ళు డాక్టరు చీటీతో అర్జీ పెట్టుకోవచ్చు.

చదువుతుంటేనే ఆమె చెయ్యి కనుబొమ మీదికి వెళ్ళింది. ఇంటి నుంచి పని మొదలుకాక మునుపు ఒకసారి ఆఫీసు మెట్ల మీద పడింది. రెండు పళ్ళు ఊడాయి, కనుబొమ మీద మచ్చ మిగిలింది. ఆ ఆఫీసులో మెట్లు ఇనుపవి, గోడలు అద్దాలవి, నేలంతా నున్నటి రాయి.

డాక్టరు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. ఈమె పడే ముందు ఇంట్లో నేల మెత్తబడుతుంది, ఆఫీసులో మెత్తబడదు, కనుక ఇంటి నుంచే పని చేయనివ్వాలి.

హెచ్ఆర్‌లో ఈ అర్జీలు చూసేది చిరునవ్వు మేడమ్. ఉద్యోగం పీకేస్తున్నప్పుడు కూడా పెదాల మీద నవ్వు చెదరదని ఆ పేరు పెట్టారు. మేడమ్ చీటీ చదివి నవ్వింది.

"అంటే మీ సమస్య నేలేగా? మీ సీటు కింద మెత్తటి మ్యాట్ వేయిస్తాం."

"మ్యాట్ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది కదా మేడమ్. నాకు ఎప్పుడు రాబోతోందో దానికేం తెలుస్తుంది?"

"ముందు రావడం మొదలుపెట్టండి. ఇబ్బందైతే అప్పుడు చూద్దాం."

"ఇబ్బంది అంటే పడటమే మేడమ్."

మేడమ్ నవ్వుతూనే ఇంకో ఫైలు తెరిచింది.

మ్యాట్ వచ్చింది. నీలం రంగు రబ్బరుది. బల్ల కింద పరిస్తే కాళ్ళకు సరిగ్గా సరిపోయేంత. భూతద్దం దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఒక్క అక్షరమూ కంటికి ఆనేది కాదు. ప్రాణమంతా అరికాళ్ళలోనే ఉండేది. బాత్రూముదాకా ఆ రాతినేల మీద నడవడానికి భయపడి నీళ్ళు తాగడం మానేసింది. పడతానన్న భయం ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేది. అసలు భయం వేరే ఉంది. పడితే గానీ ఈ మనుషులు నమ్మరు. తీరా పడ్డాక, ఈవిడ పనికిరాదని తీసేస్తారు.

"మానెయ్యవే," అన్నాడు మొగుడు. "నా జీతంతో గడవదా?"

"గడుస్తుందండీ. కానీ రోజంతా నేల ఎప్పుడు మెత్తబడుతుందా అని కూర్చోలేను. పని ఉంటేనే ఆ సంగతి మర్చిపోతాను. పని పోతే నేనొక రోగిని, అంతే."

"అయితే ఆ మేడమ్‌నే ఇక్కడికి రమ్మను. స్వయంగా తొక్కి చూసుకోమను."

మేడమ్ ఒప్పుకుంది. ఒక మధ్యాహ్నం కారు వేసుకుని వచ్చింది.

"త్వరగా చూపించండి. మా పాపను స్కూలు నుంచి తీసుకెళ్ళాలి."

"చెప్పులు విప్పండి మేడమ్. లేకపోతే తెలియదు."

మేడమ్ చెప్పులు విప్పి గదంతా తిరిగింది. మడమతో రెండుసార్లు తన్ని చూసింది.

"గట్టిగానే ఉందే."

"ఇప్పుడు నాకేం రావడం లేదు కదా మేడమ్."

"మరి నేనేం చూసినట్టు? చూడనిది చూశానని రాయలేనమ్మా. అర్జీ ఇంతటితో ముగిస్తాను. మీరు మామూలుగా ఆఫీసుకు వచ్చేయండి."

ఇన్నేళ్ళలో మొదటిసారి భూతద్దం, ఇప్పుడు రావే తల్లీ అని ఫిట్స్‌ను పిలుచుకుంది. అరికాళ్ళు అదిమి పెట్టింది. నేల కరగలేదు.

గుమ్మం వైపు తిరిగిన మేడమ్ ఆగిపోయింది.

"అరె!"

ఆవిడ పాదాలు వేళ్ళదాకా నేలలోకి దిగి ఉన్నాయి. మేడమ్ ముఖం విప్పారింది. "నిజమేనండీ! మెత్తబడింది! ఇంకేం, పడుకోండి మీరు. నేను పక్కనే ఉంటాను."

భూతద్దం ఒక కాలెత్తి మళ్ళీ ఆనించింది. గట్టిగా ఉంది. రెండో కాలు ఆనించింది. అక్కడా గట్టిగానే ఉంది.

"మేడమ్, మెత్తబడింది నా కింద కాదు."

"మరి?"

జవాబు చెప్పకుండా ఆమె మేడమ్ ముఖం మీంచి కళ్ళజోడు తీసింది. "కూర్చోండి. పక్కకు తిరిగి పడుకోండి. భయపడకండి."

"నాకెందుకు? నాకలాంటివేం లేవు. ఎప్పుడైనా కారు నడుపుతుంటే ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియదు, అంతే. నిద్ర చాలక..."

మాట అక్కడే తెగింది.

తనకు ఎన్నోసార్లు వచ్చింది గానీ, ఫిట్స్ బయటినుంచి ఎలా ఉంటుందో భూతద్దం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. తెల్లబడిన కళ్ళు, బిగుసుకున్న దవడ, నేలను దబదబా కొడుతున్న తల. తల కొట్టుకున్న చోటల్లా నేల లొంగి మళ్ళీ లేస్తోంది. ఇన్నేళ్ళూ తన మొగుడు ఇది చూస్తూ, తర్వాత ముఖం కడుక్కుని డ్యూటీకి వెళ్ళాడా అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

మేడమ్ కళ్ళు తెరిచేసరికి నేల మామూలైంది. జరిగింది నెమ్మదిగా చెప్పి, పాపను తీసుకెళ్ళమని మేడమ్ చేత ఆవిడ తల్లికి ఫోను చేయించింది భూతద్దం. మేడమ్ మాత్రం లేవలేదు. నేలకు చెంప ఆనించుకునే పడుకుంది.

"ఈపాటికి పాప కారులో ఉండేది," అంది. ఆ తర్వాత, "ఆఫీసులో చెప్పకండి. తీసేస్తారు," అంది.

"చెప్పను మేడమ్."

అంతలో మేడమ్ ఫోను మోగింది. పై అధికారి. మేడమ్ వేళ్ళు పట్టు తప్పుతుంటే, భూతద్దమే స్పీకరు నొక్కి ఆవిడ ముందు పెట్టింది.

"ఏమ్మా, ఆ నేల సంగతి తేలిందా?"

"తేలింది సార్. మెత్తబడింది, నేను కళ్ళారా చూశాను. ఆవిడను ఇంటి నుంచే పని చేసుకోనివ్వండి."

"అంటే నీ ముందే పడిందా? అలా పడిపోయే మనిషిని అసలు మనమెందుకు పెట్టుకోవాలి?"

భూతద్దం కళ్ళు మూసుకుంది. మేడమ్ అవునని ఒక్క మాట అంటే తన ఉద్యోగం పోతుంది, ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది.

"పడింది ఆవిడ కాదు సార్," అంది మేడమ్. "నేను."

అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"సరే. ఆవిడను ఇంట్లోనే చేసుకోమను. నువ్వు మాత్రం రేపు పొద్దున్నే ఆఫీసుకొచ్చి నన్ను కలువు."

మేడమ్ అరచేత్తో నేలను ఒకసారి నొక్కి చూసుకుంది. ఆవిడ పెదాల మీద నవ్వు లేదు.

"ఎలా రమ్మంటారు సార్?" అంది.