కుందేలుకు లంఖణం పనికిరాదు

బుధవారం పొద్దున బెల్లం తిండి ముట్టలేదు.

బెల్లం అంటే కుందేలు. రంగు చూసి రెబెక్కమ్మక్క పెట్టిన పేరు అది. నాకంటే పదేళ్లు పెద్దదైన ఆమె మా పక్కింట్లో ఒక్కతే ఉంటుంది, బట్టలు కుడుతుంది. మోకాలి ఆపరేషన్ కోసం నెల్లూరు పోతూ దాన్ని బోనుతో సహా మా వరండాలో పెట్టించి, "పది దినాలే సమాధానం తమ్ముడూ. నిన్ను తప్ప ఇంకెవుర్నీ నమ్మి ఇయ్యలేను" అని చెప్పి ఆటో ఎక్కింది. సమాధానం నా పేరు.

ఆ నమ్మకం నాకు చిన్న విషయం కాదు. నా భార్య జయశీల పోయిన కొత్తలో నాకు అన్నం దిగేది కాదు. రెబెక్కమ్మక్క రోజూ మధ్యాహ్నం చారన్నం కలిపి తెచ్చి నా ముందు పెట్టేది. తినమని ఒక్క మాటైనా అనేది కాదు. ఎవరిదో చొక్కాకు గుండీలు కుట్టుకుంటూ ఎదురుగా కూర్చునేది. గిన్నె ఖాళీ అయ్యాకే లేచేది. అలా నలభై రోజులు. అటువంటి మనిషి అప్పగించి పోయిన ప్రాణికి ఏమన్నా అయితే, ఆసుపత్రి మంచం మీదున్న ఆమెకు నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

తప్పు నాదే. బెల్లానికి మేత గరిక. దాన్ని రోజూ తెచ్చేది మహాలక్ష్మి. సముద్రం ఒడ్డు పల్లెలో ఉంటుంది. భర్త ప్రసాద్ చేపల వేటకు పోతాడు, ఆమె రొయ్యల గుంటల మీద పని చేస్తుంది. పనికి పోతూ పోతూ దారిలో గరిక కోసి, ఒక కట్ట మా వరండాలో వేసి పోవడం రెబెక్కమ్మక్క చేసిపెట్టిన ఏర్పాటు. సోమ, మంగళవారాలు వాయుగుండం పట్టింది. తెరపి లేని వాన. మహాలక్ష్మి రాలేకపోయింది. గొడుగు వేసుకుని పోయి నాలుగు పోచలు పీక్కు రావడం నాకేమీ పెద్ద పని కాదు. బద్ధకించాను. మేరీ బిస్కెట్లు పెట్టాను, ఇంత అన్నం పెట్టాను. ఇష్టంగా తింటుంటే మురిసిపోయి మరో రెండు బిస్కెట్లు పెట్టాను.

బుధవారం వాన వెలిసింది. మోకాళ్ల దాకా బురదతో మహాలక్ష్మి వచ్చింది. బెల్లం బోను మూలన వీపు గూని చేసుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుని ఉంది. ఆమె లేత గరిక కొస ఒకటి దాని మూతికి ఆనించింది. అది ముఖం పక్కకు తిప్పుకుంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే, రాత్రినుంచి ఏమీ ముట్టలేదని చెప్పాను.

"అయితే ఈ పూటకి ఏమీ పెట్టబాకండి సారూ. రొయ్య మేత ఇడిస్తే మేం చేసే పని అదే. మేత ఆపేస్తాం. రెండు పూటలకి అదే సర్దుకుంటది."

తిండి విషయంలో మహాలక్ష్మి మాటకు ఆ గుంటల మీద తిరుగులేదు. మేత చల్లిన రెండు గంటలకు, నీళ్లలోకి దించి పెట్టిన వల పళ్లెం ఒకటి పైకి లాగుతారు. చెక్ ట్రే అంటారు. అందులో ఎన్ని మేత పలుకులు మిగిలాయో చూసి, ఒక రొయ్యను వెలుతురుకు పట్టి వీపు మీది పేగు గీత చూసి, రేపు మేత ఎంతో ఆమె చెబుతుంది. గుంటలవాళ్లు అంతే చల్లుతారు. అటువంటి మనిషి చెప్పాక నాకు సందేహం ఎందుకు వస్తుంది? లంఖణం పరమౌషధమని మా నాన్న జ్వరం వచ్చినప్పుడల్లా అనేవాడు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు అలవాటు పడిన కడుపు నాది. పైగా హైస్కూల్లో ముప్పై ఏళ్లు ప్రకృతి శాస్త్రం చెప్పినవాణ్ణి. బీయస్సీలో కుందేలు జీర్ణవ్యవస్థ బొమ్మ వేసి పదికి తొమ్మిది తెచ్చుకున్నాను. అది తిండి మానేస్తే ఏం చేయాలో ఆ బొమ్మలో ఎక్కడా లేదు. గరిక కట్ట తీసి పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నం రెండు గంటలకు మహాలక్ష్మి మళ్లీ వచ్చింది. మామూలుగా ఆమె ఇంటికి తిరిగేది ఐదు దాటాకే. సూపర్‌వైజర్‌ని గంట పర్మిషన్ అడిగి వచ్చానంది. కాళ్లు కూడా కడుక్కోకుండా బోను ముందు గొంతుక్కూర్చుంది.

"దీని పెంటికలు చూపించండి సారూ."

బోను కింది రేకు లాగి చూపించాను. తెల్లవారినప్పటినుంచి ఒక్కటీ లేదు. ముందు రోజువి ఓ మూల కొన్ని ఉన్నాయి. శనగ గింజంత ఉండాల్సినవి మిరియాలంత ఉన్నాయి. రెండు మూడు వెంట్రుకతో గుచ్చినట్టు ఒకదానికొకటి వేలాడుతున్నాయి. ఆమె ఒకదాన్ని అరచేతిలో వేసుకుని గోటితో చిదిపి చూసింది.

"పొద్దున నేను చెప్పింది తప్పు సారూ. ట్రే లాగతా ఉంటే తోచింది. మేం మేత ఆపినా రొయ్య పస్తుండదు. గుంటలో నాచుంటది, పురుగుంటది, అడుగున ఏదో ఒకటి గీరుకోని తింటానే ఉంటది. మేం ఆపేది మా మేతని, దాని నోటిని గాదు. దీనికి ఈ బోనులో ఏముండాది?"

స్టాఫ్ రూముల్లో బతుకంతా గడిపినవాణ్ణి. అడగకముందే తన తప్పు తానే చెప్పడానికి రెండు కిలోమీటర్లు బురదలో నడిచి వచ్చిన మనిషిని అంతకుముందు చూడలేదు. తనకు తెలిసిన పనిలోంచే తన మాటను తాను కొట్టేసుకుంది. నేను ఆ పొద్దంతా ఆమె మాటను పట్టుకుని పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

విడవలూరు పశువుల డాక్టరు హెన్రీ గారికి ఫోన్ చేశాను. దారిలో వాగు చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, ఈ రోజు రాలేను, రేపు పొద్దున్నే వస్తానన్నారు. నేను చేసిందంతా విని, కోప్పడకుండానే గట్టిగా చెప్పారు.

"కుందేలుకు లంఖణం పనికిరాదు సార్. దాని పేగు ఎప్పుడూ నడుస్తా ఉండాల. ఆగిందంటే ఇంక రోజుల లెక్క కాదు, గంటల లెక్క."

ముందు పొట్ట పట్టి చూడమన్నారు. డోలులా బిగిసి ఉంటే నోట్లో ఏమీ వేయొద్దు, ట్రాక్టరెక్కించైనా తీసుకురావాలి. మెత్తగా ఉంటే తినిపించాలి. నా చెయ్యి ఒణుకుతోంది. ఫోను స్పీకర్‌లో పెట్టి మహాలక్ష్మి వైపు చూశాను. ఆమె రెండు చేతులూ పొట్ట కిందికి పోనిచ్చి, కళ్లు మూసుకుని తడిమింది. చపాతీ పిండిలా మెత్తగానే ఉందంది. చెవి ఆనించి విని, లోపల గుడగుడ మాత్రం లేదంది. చెవులు చల్లగా ఉన్నాయని కూడా తనే చెప్పింది. అయితే ముందు ఒళ్లు వెచ్చబడాలి, ఆ తర్వాతే తిండి అన్నారు డాక్టరు గారు.

సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి దాని పక్కన పెట్టాం. పక్కకు పడేసిన గరికనే కడిగి, నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా రుబ్బాను. ఇక సిరంజి కావాలి. జయశీల చివరి రోజుల్లో మందు పోయడానికి తెచ్చిన సూదిలేని సిరంజీలు రెండు, సీలు విప్పనివి, బీరువాలో మిగిలి ఉన్నాయి. పారేయడానికి రెండుసార్లు చేతిలోకి తీసుకుని, ఎందుకో పారేయలేదు. ఆ రోజు వాటిని చూసి దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

మహాలక్ష్మి బెల్లాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వెల్లకిలా తిప్పకూడదు. ముందు పళ్ల వెనక పక్కనుండే సందులోంచి సిరంజి కొస పెట్టి ఒక్క చుక్క, అది నమిలి మింగాక ఇంకో చుక్క. నేను మొదటిసారే ఎక్కువ నొక్కాను. పసరంతా ఆమె చీర మీద పడింది.

"తొందరపడబాకండి సారూ. అది నమిలేదాకా మనం గూడా నమలతా ఉండాల."

అని నిజంగానే ఖాళీ నోటితో నమలడం మొదలుపెట్టింది. కాసేపటికి చూసుకుంటే నా దవడ కూడా ఆడుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వితే అది బెదురుతుందని నవ్వాపుకున్నాం. రెండో సిరంజి సగమయ్యేటప్పటికి బెల్లం దానంతట అదే దవడ ఆడించింది. తర్వాత దాన్ని వరండాలో నాలుగు అడుగులు గెంతనిచ్చాం. పొట్ట మీద మెల్లగా ఎలా నిమరాలో నాకు చూపించి, అడిగిన గంట ఎప్పుడో దాటిపోయిందంటూ ఆమె గుంటలకు పరుగెత్తింది.

ఆరింటికి రెబెక్కమ్మక్క ఫోన్ చేసింది. ఆపరేషనై నాలుగో రోజు. ఎప్పటిలాగే మొదట బెల్లం తినిందా అని అడిగింది. తినిందని ఒక్క ముక్క చెబితే ఆమె హాయిగా నిద్రపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేకపోయాను. బిస్కెట్ల దగ్గరనుంచి సిరంజి దాకా అంతా చెప్పాను.

"నువ్వు తిన్నావా?" అంది.

పొద్దున కాఫీ తప్ప ఏమీ తాగలేదు, తినలేదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

"ముందు నువ్వు తిను తమ్ముడూ. ఆకలితో ఉండే చెయ్యి ఒణుకుతాది. ఆ చేత్తో దానికేం పెడతావు?"

తిన్నాను. తెల్లవారేలోగా డాక్టరు గారు చెప్పిన కొలత తప్పకుండా బెల్లానికి మూడుసార్లు పట్టాను.

హెన్రీ గారు ఎనిమిదింటికే వచ్చారు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, బండిని చప్టాకు అవతలే ఆపి, నీళ్లలో నడిచి వచ్చారు. పళ్లు చూశారు, పొట్టకు రెండు వైపులా స్టెత్ పెట్టి విన్నారు. నొప్పికి ఇంజెక్షన్ చేసి, తోలు కింద సెలైన్ ఎక్కించారు. నిన్న పొట్ట పట్టి చూసిందెవరని అడిగితే చెప్పాను. ఆయన తల ఊపి, ఇంకొక్క పూట లంఖణం పెట్టి ఉంటే తాను వచ్చినా చేసేదేమీ ఉండేది కాదన్నారు. అయితే పెంటిక పడేదాకా గండం గడిచినట్టు కాదని కూడా చెప్పి పోయారు.

బోనులో పాత పేపరు పరిచి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. అరవై నాలుగేళ్ల మనిషిని, కుందేలు వెనక భాగం తప్ప ప్రపంచంలో మరొకటి కనబడని మూడు గంటలు గడిపాను. పదకొండు దాటాక, రొయ్యల ధరల వార్త మీద ఒకటి పడింది. వంకర టింకరగా, మిరియమంత. కాసేపటికి ఇంకొకటి. మహాలక్ష్మికి ఫోన్ చేస్తే, వాటిని పారబోయబాకండి అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

అన్నం వేళకు వచ్చింది. చంకలో గరిక కట్ట ఉంది. అప్పటికి పెంటికలు నాలుగయ్యాయి. ఒకదాన్ని చిదిపి వెలుతురుకు పట్టి చూసింది.

"పచ్చ పీచుండాది. నిన్న మనం పట్టిందే. ఇంకా చిన్నవే గాని, నడక మొదలైంది సారూ."

అంతకు మించి సంబరపడలేదు. బోను తలుపు తీసి గరిక లోపల పెట్టడానికి వంగింది. ఆమె కట్టను ఇంకా దించనేలేదు. బెల్లం మెడ సాచి, చంకలోని కట్టలోంచే ఒక పోచ లాక్కుంది. నమిలే చప్పుడు నాకు స్టూలు దగ్గరికి వినబడింది.

మహాలక్ష్మి వంగినచోటే ఆగిపోయింది. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి కట్ట కింద. బొడ్లో దోపుకున్న ఫోను మోగింది, గుంటల దగ్గరనుంచే అయ్యుంటుంది. మోగి మోగి ఆగింది. నేను లేచి కట్ట అందుకోబోతే కదలవద్దని కళ్లతోనే చెప్పింది. బెల్లం రెండో పోచ లాగింది, మూడోది లాగింది. ఫోను మళ్లీ మోగింది. ఆమె అలాగే వంగి నిలబడి ఉంది.