ముప్పై, నలభై కలిస్తే యాభై

గజపతినగరం దగ్గరున్న పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అటెండర్ లక్ష్మణమ్మ. పొద్దున్నే మీటర్లు తుడిచి, కుండలో నీళ్లు నింపి, గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆమె నీడ పక్కకు పడుతుంది. అందరి నీడలూ పడమటికి పోతే ఆమెది ఉత్తరానికి పోతుంది. దాని గురించి అక్కడెవరూ మాట్లాడుకోరు. ఏసీ సర్క్యూట్ల పాఠం వచ్చినప్పుడు మాత్రం త్యాగరాజు మేష్టారు ఆమెను పిలిచి ఎండలో నిలబెట్టేవారు.

"రెసిస్టెన్స్ తిన్నగా ముందుకు నడుస్తుందర్రా. కాయిల్ ఈవిడ నీడలా పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడు పేరే j," అనేవారు.

అక్కడే చదివిన యుగంధర్ బుర్రకి అది ఎక్కలేదు. పదేళ్లుగా సాలూరులో లారీ తోలుతున్న మనిషి. ముప్పై బస్తాల మీద నలభై వేస్తే అతనికి డెబ్బయ్యే. డిప్లొమాలో ఆ సర్క్యూట్ల పేపరొక్కటే మిగిలింది, ఇదే ఆఖరి అవకాశం. పాసైతే సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం, లేకపోతే మళ్లీ ఘాట్ రోడ్డే. నిరుడు అక్కడ బ్రేకులు పోయినప్పట్నుంచీ ప్రతి మలుపు ముందూ లారీ ఆపేస్తున్నాడు. ఆ సంగతి భార్య కన్యాకుమారికి కూడా చెప్పలేదు.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. ముప్పై ఓముల రెసిస్టెన్స్, దాని వరసలోనే నలభై ఓముల కాయిల్, రెండొందల యాభై వోల్టులు. మొత్తం డెబ్బై అని రాసేశాడు. అప్పుడే లక్ష్మణమ్మ మూడోసారి నీళ్ల జగ్గుతో వచ్చి పక్కన నిలబడింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. అతని చేతి నీడ ఒక వైపు పోతుంటే, ఆమె నీడ మూలమట్టం పెట్టి గీసినట్టు దానికి అడ్డంగా కాగితం మీద పడింది.

నలభైని ముప్పై మీద వేయకూడదని యుగంధర్‌కి అప్పుడు తెలిసింది. డెబ్బై కొట్టేసి 30 + j40 అని రాశాడు. ముప్పై ముందుకు, నలభై పక్కకు గీసి, రెండు కొసలూ కలిపితే యాభై. కరెంటు అయిదు ఆంపియర్లు. మిగతా లెక్కలూ అదే దారిన తెమిలాయి.

స్క్వాడ్ వాళ్లు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నారు. నీడ మీద కేసు రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదు, పాపం.

ముప్పై ఆరు మార్కులొచ్చాయి. సబ్‌స్టేషన్‌లో చేరిన వారానికి లక్ష్మణమ్మను చూడడానికి వెళ్లాడు.

"ఆవేళ నాను నీళ్లడగనేదు కదా పిన్నీ. మూడుసార్లు ఎందుకొచ్చినావు?"

"డెబ్బయ్యే రాత్తావని నాకు తెల్దేటి? మొదలొచ్చినప్పుడు నీడ నీ సెప్పుల మీద పడిపోనాది. రెండోసారి బల్ల అంచు మీద. ఎండ జరగాల కదరా, ఏటి సేత్తాను?" అంది లక్ష్మణమ్మ, మీటరు అద్దం తుడుస్తూ.

యుగంధర్‌కి కళ్లనీళ్లు ఆగలేదు.