చేటెడు తవుడు

కుడిచేతి గుప్పిట్లోకి పుల్లలు తీసుకోవడం, ఎడమచేతిలోని చిన్న అట్టపెట్టెలోకి దించడం, బొటనవేలితో ఒక్క తోపు తోసి మూయడం. వేలమ్మాళ్ కళ్ళు ఆ పనిని చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆఫీసంటారు. మొగుడు పొన్నయ్య పోయాక, విరుదునగర్‌లో కాపురం ఎత్తేసి పిల్లవాడితో ఈ ఊరు వచ్చినప్పటినుంచి ఆమె ఆఫీసుకే పోతోంది. బొటనవేలి గోరు ఒకపక్కకి అరిగిపోయింది. వేలికొసన మందు రంగు పట్టి, ఎంత తోమినా వదలదు. అన్నం కలిపేటప్పుడు ఆ వేలిని మడిచి పెట్టుకుంటుంది.

టీ గంట కొట్టగానే లేచి చీర దులుపుకుంది.

"ఏమక్కా, మళ్ళా లీవా? ఓనరు కల్లో గూడా నిన్నే ఎతుకుతాండాడు," అన్నాడు మేస్త్రీ మాడసామి.

"ఎతకనీ. కల్లోనన్నా నాకి ఒక కుర్సీ ఎయ్యమను."

పక్క బల్లమీది పొన్నుతాయి పకపకా నవ్వింది. "విరుదునగరానికి పోతాండాదిలే. తమ్ముడి పుట్టిన సర్టిపికెట్టుకి."

"తమ్ముడా? కొడుకు గదా?"

"కన్నది ఇదే. వాడు పిల్చేది మాత్రం అక్కా అని. ఆ కత నీకి తెలీదా?"

వేలమ్మాళ్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాండుకి నడిచింది.

బస్సు సాత్తూరు వైపు సాగుతుంటే, కిటికీ బయట కోత అయిపోయిన నల్లరేగడి చేలు ఒకేలాగా వెనక్కి పోతున్నాయి. ఆమె వాటిని చూస్తూనే ఉంది గాని మనసంతా మదురై ఆస్పత్రి గదిలో ఉంది. కొడుకు కుమారవేల్ రెండు కిడ్నీలూ పాడై, కోవిల్‌పట్టి ఆస్పత్రిలో రక్తం కడిగే మిషన్ మీద రోజులు నెట్టుకొస్తున్నాడు. ఆమెది సరిపోయింది. ఇక ఆ గదిలో డాక్టర్లు అడిగినవాటికి జవాబు చెబితే చాలన్నారు. ఒక డాక్టరు వాడిని అడిగాడు: "కిడ్నీ ఇస్తున్నది ఎవరు?" వాడు ఆలోచించకుండానే "మా అక్క" అన్నాడు. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితాల్లో అమ్మ, నోట్లో అక్క. కిడ్నీలు అమ్ముకునేవాళ్ళు చుట్టాల వేషం కట్టి వస్తారట. పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారు. మొన్నటి పెద్దవానకి ఇంట్లో నీళ్ళొచ్చినప్పుడు ఎవరూ విప్పి చదవని ఆ పాత కాగితం ట్రంకుపెట్టెలోనే ముద్దయిపోయింది. కాపీ తీసుకురావాలి.

వాడి తప్పు లేదు. వాడికి అలా నేర్పింది ఆమే.

వాడికి ముందు ఇద్దరు పుట్టి, పురుడు తీరకుండానే పోయారు. మూడోవాడు విరుదునగర్‌లో ఇంట్లోనే పుట్టాడు. అత్త సుబ్బమ్మాళ్ వాడిని చేటలో పడుకోబెట్టి, అయిదుగురు మగపిల్లల్ని రాళ్ళలాగా పెంచుకున్న పక్కవీధి మాయక్కాళ్‌కి అమ్మేసింది. వెల, చేటెడు తవుడు. మాయక్కాళ్ బిడ్డను ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి అరుగుమీద పెట్టి, "నా బిడ్డని సాకి పెట్టు వేలూ," అంది. పరాయిబిడ్డను యముడు ఈ ఇంట్లో వెతకడు. ఆరోజు నుంచి వాడికి మాయక్కాళ్ అమ్మ, వేలమ్మాళ్ అక్క. ఇంట్లో పిలుపు తవుడు. వాడు మోకాలు చీరుకుని ఏడిస్తే వేలమ్మాళ్ ముందు, యముడు వింటున్నాడేమోనన్నట్టు వీధివైపు చూసేది. ఆ తర్వాత, ఎవరి పిల్లవాడినో పలకరించినట్టు, "లెయ్‌రా తవుడూ," అనేది. మొదట్లో అది నటన. ఎప్పుడు నటన కాకుండా పోయిందో ఆమెకు తెలియదు. ఒక్కోసారి రాత్రి నిద్రపోతున్న వాడి మొహం చూసి, నిజంగానే ఎవరి బిడ్డో అనిపించి ఉలిక్కిపడేది.

విరుదునగర్ మునిసిపల్ ఆఫీసులో కిటికీ ముందు వరుస పొడుగ్గా ఉంది. ఆమె వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కళ్ళజోడు గుమాస్తా కంప్యూటర్లో చాలాసేపు వెతికి, కాగితం తీసి, తమిళంలో చదివాడు.

"సరిచూసుకోమ్మా. పేరు కుమారవేల్. తండ్రి పొన్నయ్య. తల్లి మాయక్కాళ్."

"ఇంకోసారి చెప్పండి సార్."

"తల్లి, మాయక్కాళ్."

కొంతసేపు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అత్త మొహం కళ్ళముందు కదిలింది. పుట్టుక రాయించడానికి వెళ్ళింది సుబ్బమ్మాళే. వీధిని మోసం చేస్తే చాలదనుకుంది. యముడు సర్కారు కాగితం కూడా తిరగేస్తాడని అనుకుని ఉంటుంది. ఆ రోజు ఇంటికి వచ్చి, పెద్ద పని చక్కబెట్టినదానిలా కాళ్ళు చాపుకుని చెంబెడు మజ్జిగ తాగడం గుర్తొచ్చింది.

"తప్పు సార్. నేను కన్నాను. నేనే అమ్మను."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. అదీ తమిళంలో. పరాయి భాషలో అన్నది లెక్కకు వస్తుందో రాదో అన్నట్టు, కిటికీ చువ్వలు పట్టుకుని, మళ్ళీ తెలుగులో అంది: "వాడి అమ్మని నేనే సామీ." వరుసలోవాళ్ళు తలలు తిప్పి చూశారు. భయంతోపాటు, సిగ్గుపడాల్సినంత సంతోషం కూడా కలిగింది.

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ నేను మార్చలేను. నీ పెళ్ళి సర్టిఫికెట్ కాపీ తే. ఆ మాయక్కాళ్‌ని వచ్చి సంతకం పెట్టమను."

"మా పెండ్లి కళుగుమలై గుళ్ళో అయింది సార్. యాడా రాయించలేదు. మాయక్కాళ్ చచ్చిపోయింది."

"అయితే ఆమె చావు సర్టిఫికెట్ కాపీ తే."

మాయక్కాళ్ వెంబకోట్టై దగ్గర పెద్దకొడుకు ఇంట్లో పోయిందని విన్నది. ఆ కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

"అవన్నీ తెస్తే ఇయ్యాళే మారుస్తారా సార్?"

"పై ఆఫీసుకు పంపాలి. నెలలు పడుతుంది."

"నెలలు వాడు ఆగడు సార్."

గుమాస్తా ముద్ర వేసిన కాగితం ఆమె ముందుకు జరిపాడు. వెనకనుంచి ఎవరో, "అమ్మా, కొంచెం జరుగు. నేను చచ్చినోళ్ళ కాగితానికి వచ్చినా, అయినా నాకిగూడా బస్సుండాది," అన్నాడు. ఆమె జరిగింది.

తిరుగు బస్సులో ఆ కాగితాన్ని మడవలేదు. మడిస్తే ఏదో పాడవుతుందన్నట్టు ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. సాత్తూరు దాటాక సంచిలో టిఫిన్ డబ్బా కింద ఫోను మోగడం వినబడింది. కోడలు యువరాణి. అంతకుముందు చాలాసార్లు చేసినట్టుంది.

"అత్తా, యాడుండావు?"

"వచ్చేస్తాండా. తవుడు మిషన్ మీద నుంచి దిగినాడా?"

అవతల ఎవరిదో చెప్పుల చప్పుడు వినిపించింది.

"నిదానంగా రా అత్తా."

ఈ ఏడాదంతా త్వరగా రమ్మని తప్ప ఇంకోమాట అనని పిల్ల. వేలమ్మాళ్ ఫోను సంచిలో పెట్టింది. కండక్టరు చిల్లర ఇస్తే తీసుకుంది. పక్కామె చంటిబిడ్డ తన కొంగు లాగుతుంటే వదిలించుకోలేదు.

కోవిల్‌పట్టి ఆస్పత్రిలో వాడిని మంచంమీద నిటారుగా పడుకోబెట్టారు. చేతిమీద సూదుల మచ్చలు తప్ప మొహం తేటగానే ఉంది. యువరాణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మానేసింది.

"ఎప్పుడు?" అంది వేలమ్మాళ్.

"మద్యాన్నం. మిషన్ పెట్టకముందే. ఊపిరాడలేదన్నాడు. ప్యాను పెంచమన్నాడు. స్విచ్చు తావకి పోయి వచ్చేలోపల..."

మధ్యాహ్నం. ఆ వేళకి తను ఎక్కడుందో, ఏమంటూ ఉందో, ఏ చువ్వలు పట్టుకుందో వేలమ్మాళ్‌కి తెలుసు.

వివరాలు రాసుకోవడానికి ఒక నర్సు వచ్చింది. "మీరు వాళ్ళమ్మా?" అంది తమిళంలో.

వేలమ్మాళ్ పెదవులు కదిలాయి. గది నాలుగు మూలలా ఎవరైనా వింటున్నారా అని చూసింది. ఎవరో వింటూనే ఉన్నారు అనిపించింది.

"అక్కని."

"అత్తా!" అంది యువరాణి.

"నువ్వు ఊరుకో పిల్లా." తర్వాత వార్డు చివరిదాకా వినబడేలా, మొదట తమిళంలో, ఆ తర్వాత ఇంట్లో భాషలో అంది: "నేను అక్కని. ఈణ్ణి కన్నది మాయక్కాళ్. నేను ఉట్టిగా సాకినా, అంతే. తెలీక ఏమో అనేస్తి. ఇంక అనను."

నర్సు ఆమె చేతిలోని కాగితం తీసుకుని, పేరు సరిచూసుకుని రాసుకుంది. వేలమ్మాళ్ మంచంవైపు తిరిగి, పిలవకుండా, ముట్టుకోకుండా, వాడి గుండెలమీది దుప్పటినే చూస్తూ నిలబడింది. ఎంతసేపు చూసినా అది కదల్లేదు. చివరికి యువరాణీ, నర్సూ వచ్చి ఆమెను బయటికి నడిపించుకుపోయారు.

తలగడ పక్క స్టూలుమీద వాడి నీళ్ళసీసా ఉంది. రోజుకు ఇంతకుమించి తాగకూడదని యువరాణి పెన్నుతో గీసిన గీతకి చాలా కింద, సాయంత్రానికని వాడు దాచుకున్న నాలుగు గుక్కల నీళ్ళు ఫ్యాను గాలికి సన్నగా వణుకుతున్నాయి.