కుడిచేతి వణుకూ, గాలం కర్ర కొనా

నా కుడిచేతికి వణుకు పట్టుకుని చాలా కాలమైంది. దాని బుద్ధి చూడండి, పని చేస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఊరికే ఉంచితేనే మొదలెడుతుంది. గాలం విసిరేటప్పుడు పర్లేదు. ఎరగా ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగు నేననుకున్న చోటే, చెట్టు నీడలోనే పడుతుంది. తంటా అంతా పడ్డాకే. బాస్ చేప అనుమానం మనిషి లాంటిది. పడ్డచోట లేచిన వలయాలు సద్దుమణిగేదాకా పురుగు కదలకూడదు. నా చెయ్యేమో సరిగ్గా అప్పుడే తైతక్కలాడుతుంది, కర్రా దారం పురుగూ దాంతో పాటే.

పోయిన వేసవంతా గాస్కొనేడ్ నదిలో నాకు ఒక్క చేప పడలేదు. ఈ జూన్‌లోనూ ఇంతే అయితే కర్రలన్నీ చర్చి వేలానికి ఇచ్చేస్తానని మా ఆవిడ లియోనాతో చెప్పాను. ఊరికే అన్లేదు, ఒక్కటి తప్ప అన్నీ తుడిచి గుడ్డలో చుట్టేశాను కూడా.

శనివారం పొద్దున్నే ఆవిడ చెల్లెలు వెర్నా ఊడిపడింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎవరినైనా ఎక్కించగలదు. అప్పటికే నా పడవ తన ట్రక్కు మీద కట్టేసింది.

"నేను రానన్నానా లేదా?" అన్నాను.

"అన్నావు బావా. ఎక్కు."

కొండచరియ కింద సికమోర్ మాను ఒకటి నీళ్ళలోకి పడి ఉంటుంది. వెర్నా పడవని అక్కడికి తెచ్చి ఆపింది. విసిరాను. పురుగు మాను పక్కనే మెత్తగా వాలింది, వాలీ వాలగానే వణికింది. కింద నల్లటి నీడ ఒకటి వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

"ఈ పురుగు సరిగ్గా తేలడం లేదు," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. కట్టింది నువ్వేగా?" అంది. "అయినా ఆ కర్ర జెండాలాగా అంత పైకెందుకు?"

"ట్రౌట్ చేపలకి అలాగే పట్టాలి. మా నాన్న నేర్పాడు."

"ఇక్కడ ట్రౌట్ లేదు, మీ నాన్నా లేడు. కొన నీళ్ళలో ముంచు. దారం ఎడమచేత్తో పట్టుకో."

నాకు ఒళ్ళు మండింది. కర్ర కొన నీళ్ళలో పెట్టి బాస్ చేపలు పట్టేవాళ్ళని చూసి, సూపు కలుపుతున్నారా అని జన్మంతా నవ్వినవాణ్ణి నేను. కానీ పడవ నడిపేది వెర్నా. మళ్ళీ విసిరి, కొన ముంచాను.

చెయ్యి వణికింది. నీళ్ళు కొనని పట్టుకున్నాయి. కొన చుట్టూ మాత్రమే చిన్న అలలు, అవతల పురుగు కదల్లేదు. వలయాలు ఒక్కొక్కటే పోయాయి.

"ఇప్పుడు దారం కాస్త లాగు," అంది మెల్లిగా.

లాగాను. పురుగు టప్‌మంది. మళ్ళీ ఆగాను. నీళ్ళు పగిలి పురుగు మాయమైంది.

"కర్ర ఎత్తావో చంపుతాను. ఎడమచెయ్యి."

ఎడమచేత్తో గట్టిగా లాగాను. ఆ చేతికి ఏ రోగమూ లేదు. దారం బిగిసింది, కంచురంగు చేప గాల్లోకి లేచింది.

దగ్గరికి తెచ్చి కొక్కెం తీసి, కాసేపు నీళ్ళలో పట్టుకుని వదిలేశాను. కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

"నీ రుణం తీర్చుకోలేను వెర్నా," అన్నాను.

"నాకెందుకు? పోయినవారమంతా అక్క మా కుంట దగ్గరే ఉంది. నీ చెయ్యి ఎలా వణుకుతుందో అచ్చం అలాగే తన చెయ్యి వణికిస్తూ కర్ర పట్టుకుంది. ఎలా పట్టుకుంటే పురుగు కదలదో అన్నీ చేసి చూసింది. కొన ముంచమన్నది అక్కే."

లియోనాకి చేపల కంపంటే వాంతి. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా గాలం కర్ర ముట్టుకోలేదు.

ఇంటికొచ్చేసరికి గుడ్డలో చుట్టిన కర్రలు మళ్ళీ గోడకెక్కి ఉన్నాయి. నేను చేప పట్టానో లేదో ఆవిడకింకా తెలీదు. వంటింట్లోకి వెళ్ళి, కంపు కొట్టే నా కుడిచెయ్యి ఆవిడ చేతిలో పెట్టాను. అది వణుకుతూనే ఉంది. ఆవిడ వదల్లేదు.