మంజీర ఒడ్డున పంచనామా

చీలమండలు మునిగేసరికి అత్త శాంతాబాయి అరవడం మానేసి కోడలు జయమాల జబ్బ గట్టిగా పట్టుకుంది. మంజీర ఏటి నడుమ వాళ్లెక్కిన గుండ్రటి తోలు పడవ, పుట్టి, గిరగిరా తిరుగుతోంది. దిగువన, కేకవేటు దూరంలో, బండల మీద నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి.

"కదలకుండ్రి అమ్మా, బోర్ల పడ్తది!" తెడ్డు వేస్తూనే అరిచాడు పుట్టి నడిపే పీరప్ప.

"నీ పెండ్లామే కదిలింది. అందుకే మునుగుతాంది," అంది అత్త కొడుకుతో.

కొడుకు, అంటే జయమాల మొగుడు, బీదరు గంజులో బట్టల దుకాణం సేటు. బూట్లు తడవకుండా కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నాడు.

జయమాల వెదురు బద్దల మధ్య చెయ్యి పెట్టి తడిమింది. అడుగున పరిచిన ఎద్దు తోలులో చీలిక తగిలింది. అర్ధచంద్రంలా, అంచులు కొత్తగా. బూటు మడమకు కొట్టించిన ఇనుప నాడా అంత సైజు.

పుట్టి ఎక్కేటప్పుడు ఎవరైనా చెప్పులు చేత పట్టుకోవాల్సిందే. "సేటూ, బూట్లు ఇడువుండ్రి, తోలు చినుగుతది," అని పీరప్ప గట్టు మీద బతిమాలాడు కూడా. "నా బూట్ల కన్న నీ తోలు ఎక్కువనారా?" అంటూ ఈయన చెంగున దూకాడు. అందరూ చూశారు. ఎవరూ మాట్లాడలేదు. తనూ మాట్లాడలేదు.

జయమాల మొగుడి తల మీది జరీ రుమాలు లాగి చీలికలో కుక్కింది.

"అరే, నా రుమాలు!"

అయినా నీళ్లు ఆగలేదు. పీరప్ప తెడ్డు వదిలితే బండలే గతి. ఆమె చీర కాసె పోసి, పుట్టి తాడు నడుముకు కట్టుకుంది.

"యాడికే? నలుగురు చూస్తరు!" మొగుడు కేక వేశాడు.

"చూడనియ్యి," అని దూకింది.

చల్లటి నీళ్లు ఛాతీకి గుద్దుకున్నాయి. పుట్టినూరు చిట్గుప్ప దిగుడుబావిలో, ఆమె వీపుకు ఎండు సొరబుర్రలు కట్టి నాయన ఈత నేర్పాడు. తొమ్మిదో ఏట తనే వాటిని విప్పి పారేసింది. పెళ్లయ్యాక పదకొండేళ్లుగా నీళ్లంటే కడవలే, రోజుకు ఇరవై, మెట్లెక్కి మోసేవి. "ఈతొచ్చిన కోడలంట! బయట చెప్తె నవ్వుతరు," అనేది అత్త. మిద్దె మీద అప్పడాలు ఎండబెడుతూ, ఊరి గుట్ట దిగువన ఎక్కడో సన్నగా మెరిసే ఈ ఏటిని, కింద నుంచి పిలుపు వచ్చేదాకా చూసేది. ఇప్పుడదే ఏరు ఆమెను పట్టి ఈడుస్తోంది. ఎదురు పోకూడదు, అడ్డంగా కొయ్యాలి, నాయన మాట. కడవలు మోసిన భుజాలు అలిసిపోవడం ఎప్పుడో మరిచిపోయాయి. తాడు నడుమును కోస్తున్నా చేతులు ఆపలేదు. కాలికి ఇసుక తగిలింది.

ఒడ్డున జనం మూగారు. పోలీసు పటేలు కాగితం తీసి పంచనామా మొదలుపెట్టాడు.

"చీకిన తోలు పటేలా! వీన్ని ఠాణల పెట్టుండ్రి, మళ్ల పుట్టి నడపకుండ జెయ్యుండ్రి," అన్నాడు సేటు. పీరప్ప తల ఎత్తలేదు. ఆ పుట్టి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"నోరు ముయ్యి. మనం ఇంటికి పోయేదున్నది," అత్త కోడలి చెవిలో గొణిగింది.

పటేలు జయమాల వైపు తిరిగాడు. "గుంజుకొచ్చింది మీరేనంట గదమ్మా. తప్పెవరిది?"

"పీరప్పది కాదు. బూట్లిడువమంటె ఇడువలే. నాడాతోని తోలు చినిగింది."

"ఎవరి బూట్లు? పేరు రాయాలె."

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మొగుని పేరు ఆడది ఎట్ల చెప్తది? సేటు కూడా స్థిమితపడి మీసం దువ్వుకున్నాడు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు కూడా ఆమె పక్కింటావిడతో చెప్పించిందే తప్ప తన నోటితో ఆ పేరు పలకలేదు.

జయమాల నడుముకున్న తాడు విప్పి పీరప్ప చేతికిచ్చింది. మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది.

"రాసుకోండ్రి పటేలా," అంది, ఒడ్డంతా వినపడేలా. "గుండేరావు."