తలకిందుల చిలక

కోటబొమ్మాళి పక్క దిబ్బ మీద మా పురావస్తు తవ్వకాలకు అది ఆఖరి రోజు. మర్నాడు పొద్దున్నే గుంతలన్నీ పూడ్చేస్తారు. నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను. మూడు రోజుల కిందట నా గుంతలో దొరికిన కంచు చిలకకు బొమ్మ గీసి, కింద 'హారం పతకం' అని రాసి, సింధూరి అని సంతకం కూడా పడేశాను. ఉద్యోగంలో చేరాక నా చేతికి దొరికిన మొదటి వస్తువు అది. ఫోన్లో అమ్మకు చెబితే అమ్మ వీధంతా చెప్పుకుంది.

మట్టి జల్లించే కూర్మమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"అదేటమ్మా, గొళ్ళేన్ని తలకిందులుగా గీసినావు?"

"గొళ్ళెం కాదు, పతకం. చిలక నిటారుగానే ఉంది కదా!"

"మూసిన పెట్టెకి సిలక తల కిందకే ఉంటాది. మాయమ్మ సారెపెట్టెకీ ఇలాటిదే ఉన్నాది."

నాకు ఒళ్ళు మండింది. చిలక తలలో ఉన్న పొడుగాటి కన్నం చూపించి, అది దారం కోసమన్నాను.

"దారానికి అంత కన్నమేటి? నూతి సేద తాడు దూరతాది!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

అన్నాల వేళకు ఇంటికెళ్ళిన కూర్మమ్మ ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని మరీ వచ్చింది. ముందు ఇత్తడి గొళ్ళెం, దాని మీద తలకిందులుగా చిలక, తలలో కన్నం, కన్నంలోంచి బయటికొచ్చిన కొంకి. గొళ్ళెం పైకెత్తగానే చిలక నిలబడింది.

ఆ ఊపులో ఆమె మూత కూడా తెరిచేసింది. లోపల పట్టుచీర మీద జీడిపప్పు అచ్చులు వరసగా ఉన్నాయి. గునపం పట్టుకున్న ఆమె మొగుడు లక్ష్ముడు గుంతలోంచే కేకేశాడు.

"ఒసే! నాకు సుగరని సెప్పి నువ్వొక్కర్తివీ తింతన్నావేటే!"

కూర్మమ్మ మూత ధడాలున వేసి, పెట్టెను గుంతలో చిలక దొరికిన చోట పెట్టించింది. "మూతకి ఎనకాల రెండు మడతబందులుండాల. ఇటేపంతా తవ్వీసినారు, ఏటీ నేదు. ఇంక ఈ గట్టే మిగిలింది."

రెండు గుంతల మధ్య మేము తవ్వకుండా వదిలే మట్టిగోడ అది. తవ్వకాల అధికారి నరసింగరావు సార్ ఒప్పుకోకుండా దాని మీద గోరు కూడా పడకూడదు. సార్ నా కాగితం చూసి అన్నారు.

"హారమని నువ్వే సంతకం పెట్టావు. హారానికి గట్టు కొయ్యడమెందుకమ్మా? ముందు నీ మాట కొట్టెయ్, కోయిస్తాను."

గట్టులో ఏమీ లేకపోతే హారమూ ఉండదు, పెట్టె కూడా ఉండదు. అమ్మ ముఖం గుర్తొచ్చింది. పెన్ను తీసి 'హారం పతకం' అన్న మాట కొట్టేశాను.

లక్ష్ముడు గట్టును వేలెడు వేలెడు గీస్తున్నాడు. గంట గడిచింది. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. కూర్మమ్మ మాత్రం తన పెట్టె మీద దర్జాగా కూర్చుంది.

"అమ్మా, పచ్చగా ఏదో ఉన్నాది, సూడు!" అన్నాడు లక్ష్ముడు.

కుంచెతో మట్టి తుడిచాను. కిలుము పట్టిన మడతబందు, ఆకు ఆకారంలో, మేకులతో సహా. జానెడు అవతల రెండోది. మధ్యలో చెక్క కుళ్ళి మిగిలిన నల్లటి చార. సార్ ముందున్నారని కూడా చూడకుండా గుంతలోనే ఎగిరి గంతేశాను. కూర్మమ్మను వాటేసుకుంటే ఇద్దరం కలిసి మట్టిలో పడ్డాం.

ఆ సంబరంలో కూర్మమ్మ అచ్చులు అందరికీ పంచింది. లక్ష్ముడికి సగం ముక్క దక్కింది.

"బొమ్మ మళ్ళీ గీస్తావా?" అన్నారు సార్.

అవసరం లేదన్నాను. కాగితాన్ని తిప్పి పట్టుకుంటే చాలు, చిలక సరిగ్గా తల కిందికి దించుకుంది. దాంతోపాటు నా సంతకమూ తలకిందులైంది. దాన్ని అలాగే ఉంచి, చిలక కింద 'పెట్టె గొళ్ళెం, గుర్తించినది కూర్మమ్మ' అని నిటారుగా రాశాను.