చేను వినిపించే సెట్టు

పొద్దున్నే శివరాజు తన పాత బొలేరోను తడిగుడ్డతో తుడుస్తాడు. ఆలోగా వాళ్లమ్మ కెంచమ్మ సంగటి డబ్బా, కొడవలి పట్టుకుని ముందు సీట్లో కూచుంటుంది. సోలార్ పార్కులో ఇంజనీర్లను తిప్పే డ్యూటీ కొడుకుది, ప్యానెళ్ల కింద గడ్డి కోసే కూలి తల్లిది.

కంచె పక్క దారిలో ఒకచోటికి రాగానే బండిలోని క్యాసెట్ సెట్టు గరగరమంటుంది. అక్కడ ఒకప్పుడు వాళ్ల చెనక్కాయ చేను ఉండేది. క్యాతగానచెర్లు ఊరి చేన్ల మీద ప్యానెళ్లు పరిచినప్పటినుంచి, ఆ దారిన పోయే బండ్ల సెట్లలో ఏ చేను దగ్గర ఆ చేని పాత చప్పుళ్లు వినిపిస్తాయి. హొన్నూరప్ప చేను దగ్గర ఎద్దుల మెడగంటలు, గంగప్ప చేను దగ్గర కలుపు తీసే ఆడవాళ్ల నవ్వులు. వినాలనిపించినవాళ్లు బండి నెమ్మది చేస్తారు, తొందరున్నవాళ్లు సాగిపోతారు.

కెంచమ్మ చేను దగ్గర వినిపించేది ఆమె మొగుడు హనుమంతరాయప్ప కేక.

"ఓబళప్పా, నా గట్టు మింద కాలు పెడితే ఇరగ్గొడ్తా."

అంతే. ఆ తర్వాత మళ్లీ గరగర.

ఓబళప్ప కెంచమ్మకు సొంత అన్న. పక్క చేను ఆయనదే. ఓబళప్ప గట్టు తెంపుతుంటే బావ అరిచాడని చుట్టుపక్కల పనిచేసేవాళ్లు చెప్పారు. ఆ సాయంత్రమే, ఆ గట్టు మీదే హనుమంతరాయప్ప గుండె ఆగింది. ఆయన్ని భుజాన వేసుకుని తెచ్చిన అన్నను కెంచమ్మ గడప దాటనివ్వలేదు. ఒకే ఊళ్లో ఉంటూ మాటలు లేవు. మరిచిపోదామన్నా, రోజూ పొద్దున్నే ఆ కేక గుర్తు చేసేది.

మొన్న ఓబళప్ప కొడుకు నందీష్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అత్తా, నాయన మంచం పట్టినాడు, గంజి గూడా ముట్టలే. డాక్టరు ఇట్లైతే కష్టమన్నాడు. నీ పేరే తలుస్తాండాడు. ఒక్కసారి రా."

"మీ మామ అరుపు ఇంగా వినిపిస్తానే ఉండాది నందీశా. దాన్ని చెవిలో పెట్టుకోని మీ ఇంటికెట్లా వచ్చేది?"

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పావగడ నుంచి బండ్ల సెట్లు అమ్మే గోపికృష్ణ రెండు టచ్‌స్క్రీన్ సెట్లు తెచ్చాడు. మ్యాపు, రివర్స్ కెమెరా లేని బండి ఇంక పనికిరాదని ఇంజనీర్లు గొణుగుతున్నారు మరి. ఆ చుట్టుపక్కల ఎవరూ అంగట్లో విని సెట్టు కొనరు. వైర్లు వేలాడేసుకునైనా సొంత చేను దాకా పోయి, విని, అప్పుడే బేరం మొదలుపెడతారు. కెంచమ్మ కూడా బండెక్కింది.

"ఇది చవక. స్క్రీన్ బాగుంటాది, మ్యాపు మటుకు కొంచెం తడుముకుంటాది" అన్నాడు గోపికృష్ణ. "రెండోది గబగబా తెరుచుకుంటాది. సౌండు గూడా వేరే."

"నువ్వు అమ్మాలనుకునేది రెండోదని ముందే చెప్పప్పా" అన్నాడు శివరాజు.

చేను దగ్గరికి రాగానే చవక సెట్టులో గరగర పోయింది. కేక మాత్రం సూదిలా గుచ్చుకుంది. కెంచమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇది చాల్లే. రోజూ వినేదే కదా" అన్నాడు శివరాజు.

"రెండోది గూడా వినప్పా, నీ సొమ్మేం పోయింది?" అని గోపికృష్ణ వైర్లు మార్చాడు.

సెట్లలో తేడా ఎట్లాంటిదంటే, తరగతిలో ఒక పిల్లవాడు గట్టిగా అరుస్తుంటే వెనక బెంచీలో ఇంకొకడు మెల్లగా ఏదో చెబుతుంటాడు. మామూలు సెట్టుకు అరిచేవాడే వినబడతాడు. మంచి సెట్టు ఇద్దరి మాటా పట్టుకుంటుంది.

కేక వచ్చింది. దాని వెనకాలే, ఇన్నేళ్లూ గరగరలో మునిగిపోయిన ఓబళప్ప గొంతు.

"అరవద్దు బావా. మా బోరు నీళ్లు నీ చేనికి తిప్పుతాండా, గట్టు అందుకే తెంపినా. నా చెట్లు ఎట్లానూ ఎండిపాయె. నీ దాంట్లో కాయకు ఊడలు దిగినాయి, అదన్నా బతకనీ. కెంచికి చెప్పొద్దు, మా ఇంట్లో తెలిస్తే రచ్చ."

కాసేపు గాలి చప్పుడు. తర్వాత హనుమంతరాయప్ప, మెత్తబడిన గొంతుతో: "రా, ఈడ కూచో. బీడీ ఉండాదా?"

అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది.

 ఆ ఏడాది చుట్టూ చేన్లన్నీ మాడిపోయినా తమ చేను ఒక్కటే కాయ పట్టింది. పోయినాయన చలవ అనుకుని కెంచమ్మ అప్పట్లో దండం పెట్టుకుంది.

"శివా," అంది కెంచమ్మ, "మీ మామింటికి పోనీ."

"సెట్టు బిగించనీ పెద్దమ్మా" అన్నాడు గోపికృష్ణ.

"అట్లే వేలాడనీలే."

ఓబళప్ప వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నందీష్ చేతిలోని గంజి గిన్నె అందుకుని కెంచమ్మ మంచం పట్టె మీద కూచుంది.

"ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పకపోతివే అన్నా."

ఓబళప్ప మెల్లగా ఇటు తిరిగాడు. "పోయినోడు సాక్ష్యం చెప్పేదానికి రాడు. నా మాట ఎవరు నమ్ముతారు కెంచీ?"

"చేను చెప్పింది."

ఆయన తల కొంచెం పైకెత్తాడు. "బీడీ సంగతి గూడానా?"

"అదీ చెప్పింది. నోరు తెరువు."

ఆయన తెరిచాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. కారిన గంజిని ఆమె కొంగుతో తుడిచింది. గిన్నె అడుగు కనిపించాక ఓబళప్ప నందీష్ వైపు చూసి, "ఇంకా ఉంటే తీసకరా పో" అన్నాడు.